జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల జీవమండలాలు: సహజ వనరులు, మానవ ప్రభావం

నిర్వచనం, పరిధి

ఒకే తీరు వాతావరణంలో ఎదిగిన వృక్షజాలాన్ని, దాన్ని ఆశ్రయించి బతికే జంతుజాలాన్ని కలిపి జీవమండలం లేదా బయోమ్ అంటారు. అమెరికన్ శాస్త్రవేత్తలు ఫ్రెడరిక్ క్లెమెంట్స్, విక్టర్ షెల్ఫర్డ్ 1939లో వెలువరించిన గ్రంథంతో ఈ భావన వ్యాప్తిలోకి వచ్చింది. భూమ్మీద ప్రధాన జీవమండలాలుగా ఉష్ణమండల వర్షారణ్యాలు, ఉష్ణమండల ఆకురాల్చే అడవులు, సవన్నాలు, ఎడారులు, సమశీతోష్ణ అడవులు, గడ్డి మైదానాలు, టైగా, టండ్రాలను చెబుతారు. నదులు, సరస్సులు, సముద్రాలు జల జీవమండలాలు. ఎన్ని మండలాలుగా విడగొట్టాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 2001లో వెలువడి ఎక్కువగా వాడుకలోకి వచ్చిన ప్రపంచ పటం నేలను 14 జీవమండలాలుగా, వాటిని 800కు పైగా పర్యావరణ ప్రాంతాలుగా విభజించింది. ఆ పటంలో ఈ వ్యాసం చెప్పే మూడు జిల్లాలు ఉష్ణమండల ఆకురాల్చే అడవుల మండలంలోకి వస్తాయి. పశ్చిమ మడగాస్కర్, బొలీవియా, మధ్య అమెరికా పసిఫిక్ తీరం, ఇండోచైనా లోతట్టు ప్రాంతాల అడవులూ ఈ జాతివే.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. మూడింటికీ ప్రధాన మూలం పాత వరంగల్ జిల్లాయే. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్‌లోకి, మహదేవపూర్, కాటారం తదితర మండలాలు కరీంనగర్ జిల్లా నుంచి భూపాలపల్లిలోకి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. ఏటూరునాగారం, తాడ్వాయి, మేడారం అడవులు ములుగుతో వెళ్లాయి. విస్తీర్ణం జనగామకు సుమారు 2,190, మహబూబాబాద్‌కు 2,880, భూపాలపల్లికి 2,300 చదరపు కిలోమీటర్లు.

పటంలో ఒకే రంగు పూసినా ఈ మూడు జిల్లాల నేల ఒకటి కాదు. జనగామ రాతిగుట్టల నుంచి మహదేవపూర్ టేకు అడవిదాకా రెండు వందల కిలోమీటర్ల లోపే ప్రయాణం. ఆ దూరంలోనే ముళ్లపొద, గడ్డినేల, ఎండు అడవి, దట్టమైన అడవి, పెద్ద నది వరసగా ఎదురవుతాయి.

నైసర్గిక స్వరూపం: రాయి, వాన, నేల

ఈ తేడాలకు వాన ఒక కారణమైతే, కిందనున్న రాయి అంతే బలమైన కారణం. జనగామ జిల్లా దాదాపు అంతటా, మహబూబాబాద్ పడమటి సగంలో ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ శిలలు. ఇవి నీటిని లోపలికి ఇంకనివ్వవు. పగుళ్లలో, పైపొరల్లో నిలిచిన నీరే బావులకు, బోర్లకు ఆధారం. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు వెళ్లేకొద్దీ గ్రానైట్ పోయి ఇసుకరాళ్లు, పలకరాళ్లు, సున్నపురాయి, డోలమైట్ పొరలు వస్తాయి. భారత భూగర్భ సర్వేక్షణ శాస్త్రవేత్త విలియం కింగ్ 19వ శతాబ్దిలో వీటికి పాకాల చెరువు పేరే పెట్టాడు. భూవిజ్ఞాన గ్రంథాల్లో అవి నేటికీ పాకాల శిలలే.

భూపాలపల్లిలోవి ఇంకా తరవాతి కాలపు గోండ్వానా శిలలు. ప్రాణహిత–గోదావరి లోయ పొడవునా భూమి పగిలి కుంగినచోట ఇసుక, మట్టి, చెట్ల అవశేషాలు పేరుకుని ఏర్పడ్డవి. ఇక్కడి బొగ్గు సుమారు 25–30 కోట్ల ఏళ్ల నాటి అడవి. అప్పటికి భారత భూభాగం దక్షిణార్ధగోళంలో గోండ్వానా మహాఖండంలో భాగం. గ్లోసోప్టెరిస్ అనే చెట్లు పెరిగిన చల్లని చిత్తడి అడవులవి. భూపాలపల్లి గనిలో దిగే కార్మికుడు తవ్వేది నేటి అడవికి ఏ పోలికాలేని మరో జీవమండలాన్నన్న మాట. అదే లోయలో కొంత కాలం తరవాతి పొరల్లో యామన్‌పల్లి దగ్గర బయటపడ్డ కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

వర్షపాతం నైరుతి మూల నుంచి ఈశాన్యానికి పెరుగుతూ పోతుంది. రాష్ట్ర వార్షిక సగటు సుమారు 900 మిల్లీమీటర్లు. జనగామది అంతకు తక్కువ, భూపాలపల్లిది ఎక్కువ, మహబూబాబాద్‌ది నడిమధ్య. ఏడాది వానలో ఐదింట నాలుగు వంతుల దాకా జూన్–సెప్టెంబరు నైరుతి రుతుపవనాలవే. కొప్పెన్ వాతావరణ వర్గీకరణలో భూపాలపల్లి ఉష్ణమండల సవన్నా వాతావరణం కిందికి వస్తుంది. జనగామ ఆ వాతావరణానికీ, అర్ధశుష్కానికీ సరిహద్దున ఉంది. నేలల్లో ఎర్ర చెల్కలు, దుబ్బ నేలలే ఎక్కువ. వాగుల వెంట, పల్లపు ప్రాంతాల్లో నల్లరేగడి, గోదావరి, మానేరు ఒడ్లలో ఒండ్రు కనిపిస్తాయి.

జీవమండల ఉపవిధాలు

భారతదేశపు అడవులకు ప్రామాణికంగా వాడే చాంపియన్, సేఠ్ వర్గీకరణ 1968 నాటిది. దాని ప్రకారం ఇక్కడ ప్రధానమైనవి రెండు: దక్షిణ ఉష్ణమండల ఎండు ఆకురాల్చే అడవి, దక్షిణ ఉష్ణమండల ముళ్ల అడవి.

గోదావరి లోయ టేకు అడవి. మహదేవపూర్, పలిమెల, మహాముత్తారం, ఆజంనగర్ పరిసరాల్లోనిది. టేకుదే పైచేయి. దాని పక్కన నల్లమద్ది, ఏగి, జిట్రేగి, చిరుమాను, బండారు, గుంపెన, సోమి, వాటి కింద వెదురు, కొడిశ, పాలకొడిసె పెరుగుతాయి. వాగుల వెంట తెల్లమద్ది, నేరేడు, కానుగ వేసవిలోనూ పచ్చగా ఉంటాయి. నదికి అవతల మహారాష్ట్ర గడ్చిరోలి, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాల అడవులు దీనికి కొనసాగింపు. జంతువులకు సరిహద్దు లేదు. తాడోబా వైపు నుంచి ప్రాణహిత దాటి పులులు ఇటీవలి ఏళ్లలో ఈ అడవుల్లోకి, అక్కణ్నుంచి కొత్తగూడ, గూడూరు దాకా వచ్చిపోతున్నాయి. చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్క, దుప్పి, కణితి, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది, అలుగు ఈ అడవి జంతువులు.

పాకాల గుట్టల అడవి. మహబూబాబాద్ తూర్పు, ఉత్తర మండలాలది. ఎత్తుపల్లాల నేల, లోయల్లో పారే వాగులు, గూడూరు మండలంలోని భీమునిపాదం జలపాతం వంటి చిన్న జలపాతాలు దీని గుర్తులు. టేకు ఉన్నా గోదావరి లోయలోలా ఎత్తు పెరగదు. ఇప్ప, తునికి, మొర్రి, ఉసిరి, కరక, బిల్లుడు ఎక్కువ. రాతి వాలుల్లో తపసి, అందుగు, కొండగోగు ఉంటాయి.

జనగామ ముళ్లపొదలు, రాతిగుట్టల గడ్డినేలలు. ఇక్కడ దట్టమైన అడవి చాలా తక్కువ. తుమ్మ, చండ్ర, రేగు, పరికి, బలుసు, తంగేడు, గుట్టల మీద సీతాఫలం, చెలకల గట్ల మీద తాటి, ఈత, వేప, మోదుగు, నడుమ బోదగడ్డి వంటి పొడవు గడ్లు కనిపిస్తాయి. కుందేలు, నక్క, తోడేలు, ఉడుము, ముంగిస, కౌజు, పూరేడు, నెమలి, పాలపిట్ట ఈ నేలవి. గుండ్ల సందుల్లో ఎలుగుబంటి కూడా ఉంటుంది.

ఈ మూడో రకాన్ని ఏమనాలన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ ఉంది. ఇది ఒకనాటి అడవి మేకలకూ గొడ్డలికీ బలై మిగిలిన శిథిలమన్నది అటవీశాఖల్లో చిరకాలంగా ఉన్న అభిప్రాయం. భారత ద్వీపకల్పంలో అడవిగా లెక్కించే నేలల్లో చాలా భాగం నిజానికి సవన్నా అని, చెట్ల కింద ఎండను కోరే గడ్డి పరుచుకుని ఉండటం, చెట్లు నిప్పును తట్టుకునే బెరడుతో ఉండటం దానికి ఆనవాళ్లని జయశ్రీ రత్నం తదితరులు 2011లో ప్రచురించిన పరిశోధన వాదించింది. రెండు వాదాలూ ఒకే నేల మీద ఒకే చోట వర్తించనక్కర్లేదు. గుట్టల అడుగున నరికిన మొదళ్లు చిగురించిన చోట మొదటిదే సరిపోతుంది. మట్టి పలచగా పరుచుకున్న బండనేలల మీద రెండోదానికి బలం ఎక్కువ. పేరులో ఏముంది అనుకోవడానికి లేదు. శిథిలమైన అడవి అంటే మొక్కలు నాటాలి, సవన్నా అంటే గడ్డిని గడ్డిగా ఉంచాలి (చూ. చట్టాలు, సంరక్షణ).

మంచినీటి మండలం. గోదావరి ఇక్కడి పెద్ద నది. వార్ధా, వైన్‌గంగల నీటిని తెచ్చే ప్రాణహిత కాళేశ్వరం వద్ద దానిలో కలుస్తుంది. మానేరు కలిసేదీ ఆ ఎగువ పరిసరాల్లోనే. మహబూబాబాద్ నీరు కృష్ణ వైపు పోతుంది. పాకాల చెరువు నుంచి మున్నేరు, పడమటి మండలాల నుంచి ఆకేరు పారి, ఖమ్మం దగ్గర తీర్థాల వద్ద కలుస్తాయి. పాలేరు దీనికి దక్షిణంగా పారుతుంది. నదుల కన్నా ఎక్కువ జీవజాలాన్ని పోషించేవి చెరువులు. అవి మనిషి కట్టినవే అయినా ఎనిమిది వందల ఏళ్లలో కొంగలకు, బాతులకు, తాబేళ్లకు సహజ ఆవాసాలైపోయాయి. పాకాల చెరువులో మొసళ్లున్నాయి. గోదావరి మొసళ్ల కోసం 1978లో ఏర్పాటు చేసిన శివ్వారం అభయారణ్యం ఎగువన మంథని సమీపంలో ఉంది.

అడవి రుతుచక్రం

ఆకురాల్చే అడవి నీటిని పొదుపు చేసే అడవి. డిసెంబరు నుంచి నేల ఎండుతుంది. ఆకు ద్వారా పోయే నీటిని ఆపడానికి చెట్లు జనవరి–మార్చి నడుమ ఆకు దులుపుకుంటాయి. మార్చిలో టేకు అడవిలో ఎండుటాకు కాలికింద అప్పడంలా విరుగుతుంది. చిత్రమేమంటే చాలా చెట్లు కొత్త చిగురు వేసేది వాన పడ్డాక కాదు, ఏప్రిల్, మే నెలల ఎండల్లోనే. లోతు వేళ్లలోనూ మానులోనూ దాచుకున్న నీరు, పొద్దు పెరగడం ఇందుకు కారణాలు. మోదుగు, ఇప్ప, కొండగోగు ఆకు లేని కొమ్మల మీదే పూస్తాయి. తేనెటీగలకు, గబ్బిలాలకు, పక్షులకు పూలు దూరం నుంచే కనిపించడం, వాసన తగలడం ఇందులోని లాభం. గింజలు జూన్ వానకు ముందే నేల రాలి, తొలకరికి మొలుస్తాయి.

రాలిన ఆకు నేలకు ఎరువు. అదే అడవికి ప్రమాదం కూడా. ఫిబ్రవరి–మే నెలల్లో నేల మంటలు సాధారణం. ఇవి చెట్ల కొసలకెక్కవు, గడ్డినీ ఆకునీ కాల్చుకుంటూ పోతాయి. టేకు, తునికి, మోదుగు, చిరుమాను వేళ్ల నుంచి తిరిగి మొలవగలవు. కానీ ఏటేటా కాలితే లేత మొక్క మిగలదు. అడవి పైకి నిండుగానే కనిపించినా కింద తరవాతి తరం లేకుండా పోతుంది.

చరిత్ర

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టల ఇసుకరాతి గుహల్లో చరిత్రపూర్వ యుగపు వర్ణచిత్రాలున్నాయి. 1990లో ఇవి వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, దుప్పి, పులి, చిరుత బొమ్మలు అప్పటి జంతుజాలానికి సాక్ష్యం.

నేలరూపాన్ని పెద్దయెత్తున మార్చినవారు కాకతీయులు. పాకాల చెరువు గణపతిదేవుని కాలంలో 1213 ప్రాంతాన వెలిసింది. చెరువు నేడు వరంగల్ జిల్లా ఖానాపూర్ మండలంలో ఉన్నా, దాని అడవులు మహబూబాబాద్‌లోకి విస్తరించాయి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టింది. ఆ కట్ట మీది శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్య ఆధారం. భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లో కోటగుళ్ల పక్కనే గణపసముద్రం ఉంది. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి నిర్మించడం వారి పద్ధతి. అడవి నరికి పొలం చేసిన ఆ కాలపు విస్తరణే నేటి పల్లెల పటానికి పునాది.

నిజాం పాలనలో అడవులకు హద్దులు పడ్డాయి. విలువైన కలపను సర్కారు తనదిగా ప్రకటించింది. 19వ శతాబ్ది చివర రైలుమార్గం వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా వచ్చింది. ఆ మార్గానికి డోర్నకల్ నుంచి ఇల్లెందు బొగ్గుకు పాయ తీశారు. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును 1871లో గుర్తించింది విలియం కింగే. ఆ గనులు నడిపే సంస్థకు 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది.

సహజ వనరులు: అడవి

చిల్లర అటవీ ఉత్పత్తుల్లో మొదటిది తునికాకు. కోయ, నాయకపోడ్, లంబాడా కుటుంబాలకు ఎండాకాలపు రొక్కం ఇదే. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలను కొట్టేస్తారు. అలా కొట్టిన మొదళ్ల నుంచే ఏప్రిల్ చివరికి మెత్తని, మచ్చలేని ఆకు వస్తుంది. తెల్లవారకముందే అడవికి వెళ్లి, పొద్దెక్కేసరికి మూటతో తిరిగొస్తారు. ఇంటిల్లిపాదీ నీడన కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కడతారు. సాయంత్రం కల్లానికి తెస్తే కల్లేదారు లెక్కపెట్టి వరసల్లో ఎండలో పరిపిస్తాడు. రెండు వైపులా ఎండాక నీళ్లు చల్లి మెత్తబరచి సంచులకెత్తుతారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. 1971 నాటి చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వచ్చింది. యూనిట్ల వారీగా వేలం వేసి, ఖర్చులు పోను మిగిలిన ఆదాయాన్ని సేకరించినవారికి బోనస్‌గా ఇవ్వడం విధానం. మే నెలలో ఒక గాలివాన వస్తే కల్లం మీది ఆకంతా నల్లబడుతుంది.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. రాత్రి రాలిన పువ్వును తెల్లారగట్ల ఏరుతారు. ఇప్ప గింజ నుంచి నూనె తీస్తారు. తపసి బంక, తేనె, కరక్కాయ, ఉసిరి, సారపప్పు, కుంకుడు, చీపురు మిగతావి. వీటిలో కొన్నింటిని 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థకు వారసురాలిగా వచ్చిన సంస్థ కొంటుంది. టేకు కలప, వెదురు అటవీశాఖ, అటవీ అభివృద్ధి సంస్థల ద్వారా అమ్ముడవుతాయి. ములుగు జిల్లా కమలాపురం రేయాన్ గుజ్జు కర్మాగారం ఒకప్పుడు వెదురుకూ జామాయిల్‌కూ పెద్ద గిరాకీదారు. 2014లో అక్కడ ఉత్పత్తి ఆగింది.

జనగామలో అడవి స్థానం తాటి, ఈతలది. కల్లుగీత, మేకలు, గొర్రెల పెంపకం ఇక్కడి ఎండునేల జీవమండలం మీద ఆధారపడ్డ రెండు పెద్ద వృత్తులు.

సహజ వనరులు: గనులు, రాయి, ఇసుక

భూపాలపల్లి బొగ్గు సింగరేణి సంస్థది. ఆ సంస్థలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఇక్కడి గనులకు కాకతీయ ఖని అని పేరు. కేటీకే–1, 5, 6, 8 భూగర్భ గనులు. తరవాత ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి. మల్హర్‌రావు మండలం తాడిచర్ల బొగ్గును తెలంగాణ జెన్‌కోకు కేటాయించారు. ఘనపూర్ మండలం చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 2010లో 500 మెగావాట్ల, 2016లో 600 మెగావాట్ల యూనిట్లు ఉత్పత్తిలోకి వచ్చాయి.

బయ్యారం ఇనుప ఖనిజం పేరు గని కన్నా రాజకీయాల్లో ఎక్కువ వినిపించింది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలు, అప్పటి ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం స్థాపనకు ఉన్న వీలును సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని చెప్పింది. ఖనిజం నాణ్యత, నిల్వల పరిమాణంపై అభ్యంతరాలు వచ్చాయి. కర్మాగారం రాలేదు. గార్ల, బయ్యారం పరిసరాల్లో డోలమైట్, ముగ్గురాయి కూడా ఉన్నాయి. జనగామ, మహబూబాబాద్ గ్రానైట్ దిమ్మలుగా ఎగుమతి అవుతోంది. గోదావరి, మానేరు ఇసుక హైదరాబాద్ నిర్మాణాలకు పోతుంది.

సహజ వనరులు: నీరు

సంప్రదాయ వ్యవస్థ గొలుసుకట్టు చెరువులది. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగు పట్టి దిగువ చెరువుకు చేరుతుంది. కట్ట, తూము, మత్తడి, కాలువ, శిఖం దాని అంగాలు. నీటిని పొలాలకు వంతుల వారీగా వదిలే నీరటి ఊరి ఉద్యోగి. వేసవిలో శిఖంలో పశువులు మేసేవి, పూడికమట్టి బండ్ల మీద చెల్కలకు చేరేది. 1980ల తరవాత బోరుబావి వచ్చి ఈ ఉమ్మడి పనికి అవసరం లేకుండా చేసింది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో పూడికతీత, కట్టల బలోపేతం చేపట్టారు.

ఎత్తిపోతలు రెండో వ్యవస్థ. గోదావరి నుంచి ములుగు జిల్లాలోని గంగారం వద్ద నీటిని ఎత్తే దేవాదుల పథకం 2004లో మొదలైంది. దాని ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి జనగామ మెట్టప్రాంతానికి నీరివ్వడం. స్టేషన్ ఘనపూర్, అశ్వరావుపల్లి, చీటకోడూరు జలాశయాలు దాని కిందివే. మహబూబాబాద్‌లో తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ ప్రాంతాలకు శ్రీరామసాగర్ రెండో దశ కాలువలు వెళ్తాయి.

మానవ ప్రభావం: అడవి, సాగు

అడవి తగ్గడానికి పోడును మొదటి కారణంగా చెప్పడం ఆనవాయితీ. పూర్వపు పోడులో ఒక చెక్కను రెండు మూడేళ్లు సాగుచేసి వదిలేసేవారు, అడవి తిరిగి ఎక్కేది. జనాభా పెరిగి, హద్దులు బిగిసి, పత్తి ధర పలకడంతో ఆ చెక్క శాశ్వత పొలమైంది. గంగారం, కొత్తగూడ, మహాముత్తారం మండలాల్లో అడవి నడుమ కనిపించే పత్తి చేలు ఈ మార్పు ఫలితమే. 2005 తరవాత ఛత్తీస్‌గఢ్ అల్లర్లకు తాళలేక వలస వచ్చిన గొత్తికోయలు కూడా గోదావరి అడవుల్లో గూడేలు వేసుకున్నారు. అదే సమయంలో గనులు, రహదారులు, విద్యుత్ లైన్లు, జలాశయాలకు చట్టబద్ధంగా మళ్లించిన అటవీ భూమి కూడా ఉంది. పోడు మీద జరిగే వాదంలో ఆ లెక్క తరచూ పక్కకు పోతుంది.

మంటల్లో చాలావరకు మనిషి పెట్టినవే. ఇప్పపువ్వు కనబడటానికి చెట్టుకింద ఆకు కాలుస్తారు, తునికి చిగురు కోసం, గడ్డి కోసం కాలుస్తారు. మంటలకు తోడు పరాయి దేశపు మొక్కలు వచ్చిపడ్డాయి: వయ్యారిభామ, లాంటానా, సర్కారుతుమ్మ. జనగామలో పశువుల మేతకు వదిలిన బంచరాయి భూముల్లో, చెరువు శిఖాల్లో సర్కారుతుమ్మ గడ్డిని మింగేసింది. వంటచెరుకు దొరుకుతోంది కనుక దాన్ని పూర్తిగా తొలగించడానికి ఊళ్లు ఇష్టపడవు.

సాగులో జొన్న, కంది, ఆముదం వంటి మెట్టపంటల స్థానంలోకి పత్తి, మక్క, నీళ్లున్నచోట వరి వచ్చాయి. మహబూబాబాద్‌లో మిరప, పసుపు, ఇటీవల ఆయిల్‌పామ్ పెరిగాయి. పత్తి, మిరపలకు పురుగుమందుల వాడకం ఎక్కువ. అడవి, పొలం హద్దులు కలిసిపోయాక కోతులు, అడవిపందుల బెడద రైతుల నిత్య ఫిర్యాదైంది. పందుల కోసం పెట్టే కరెంటు తీగలకు మనుషులూ, పశువులూ, చిరుతలూ కూడా చనిపోతున్నారు.

మానవ ప్రభావం: గనులు, నీరు

భూగర్భ గని మీద నేల కుంగుతుంది, ఊటలు ఎండుతాయి. ఓపెన్‌కాస్ట్‌లో అడవి, మట్టి, రాయి అన్నీ లేచిపోతాయి. మట్టి దిబ్బలు కొత్త గుట్టలవుతాయి. వాటి మీద సింగరేణి మొక్కలు నాటుతోంది. నాటిన తోపు నీడనిస్తుంది, దుమ్మును ఆపుతుంది. కానీ పాత అడవిలోని జాతుల వైవిధ్యం దానిలో ఉండదు. పేలుళ్ల అదురు, బొగ్గు లారీల దుమ్ము, థర్మల్ బూడిద భూపాలపల్లి పరిసర గ్రామాల ప్రధాన ఫిర్యాదులు. మరోవంక ఈ జిల్లా కేంద్రం పట్టణంగా ఎదిగింది సింగరేణి జీతాల మీదే. గ్రానైట్ క్వారీలు గుట్టను తిరిగి రానివ్వకుండా తీసేస్తాయి. ఎలుగుబంటి గుహ, సీతాఫలం పొద, కిందికి పారే చిన్న వాగు గుట్టతో పాటే పోతాయి. ఇసుక తవ్వకం అతిగా జరిగినచోట వాగు అడుగు లోతై, ఒడ్డు బావుల్లో నీళ్లు దిగిపోతాయి.

గోదావరి మీద జరిగిన అతిపెద్ద మార్పు కాళేశ్వరం ఎత్తిపోతల పథకం. 2016 మే 2న శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభం. మహదేవపూర్ మండలంలోని మేడిగడ్డ లక్ష్మీ బ్యారేజీకి 85 గేట్లు, 16.17 టీఎంసీల నిల్వ సామర్థ్యం. ఎగువన అన్నారం సరస్వతి బ్యారేజీకి 10.87 టీఎంసీలు. ఎండాకాలం ఇసుకతిన్నెలు తేలే నది నిలువ నీటి మడుగైంది. ఇసుకలో గుడ్లు పెట్టే పక్షులకు, తాబేళ్లకు చోటు తగ్గింది. వెనక జలాల్లో మునిగిన పొలాల రైతులు మహదేవపూర్ వైపునా, అవతల మహారాష్ట్రలోని సిరోంచ వైపునా ఆందోళన చేశారు. 2022 జూలై వరదలో మేడిగడ్డ నీటిని ఎత్తే కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. ఆ తరవాత గేట్లు ఎత్తి ఉంచడంతో నది మళ్లీ పాతదారిన పారుతోంది.

వానల తీరు కూడా మారుతున్నట్టు ఇటీవలి ఘటనలు చూపుతున్నాయి. 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. చిట్యాలలో ఏడాది వానలో సగానికి పైగా ఒక్కరోజున కురిసిందన్న మాట. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామం మునిగింది, జనాన్ని హెలికాప్టర్లతో తరలించారు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు నేలకొరిగాయి. మర్నాడు ఆకేరు, మున్నేరు పొంగి, మహబూబాబాద్ జిల్లా కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలుపట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. ఒక ఘటనను వాతావరణ మార్పుకు నేరుగా అంటగట్టడం శాస్త్రీయం కాదు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయగలదు, కుండపోతలు పెరుగుతాయన్నది మాత్రం భౌతికశాస్త్రం చెప్పే సాధారణ సూత్రం. చెరువు శిఖాలు, వాగు ఒడ్లు ఆక్రమణకు గురైనచోట నష్టం పెరిగింది.

చట్టాలు, సంరక్షణ

1967 అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం ఇక్కడి అడవులకు వర్తించే ప్రధాన చట్టాలు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింది మండలాల్లో 1996 పెసా చట్టం గ్రామసభలకు చిల్లర అటవీ ఉత్పత్తులపై హక్కు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి, కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కు గుర్తించింది. 2023 జూన్ 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు పంచింది. లబ్ధిదారుల్లో మహబూబాబాద్, భూపాలపల్లి గిరిజనులూ ఉన్నారు. పట్టా హద్దు ఎక్కడన్న దానిపై ట్రెంచులు తవ్వే అటవీ సిబ్బందికీ, సాగుదారులకూ ఘర్షణలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

1992 తరవాత వచ్చిన వన సంరక్షణ సమితులు అడవి కాపలాలో గ్రామస్థులకు భాగం కల్పించాయి. నిధులున్నంత కాలం కొన్నిచోట్ల బాగా నడిచాయి, తరవాత చాలావరకు నామమాత్రమయ్యాయి. 2015 జూలై 3న మొదలైన హరితహారం కింద రోడ్ల పక్కన, బంచరాయిల్లో, గుట్టల అడుగున విస్తృతంగా మొక్కలు నాటారు. చెట్టు నాటడాన్నే కొలమానం చేసుకోవడంతో గడ్డినేలలను గడ్డినేలలుగా లెక్కించే అవకాశం దానిలో లేకపోయింది.

సుమారు 860 చదరపు కిలోమీటర్ల పాకాల అభయారణ్యం 1952లో ఏర్పడింది. మహబూబాబాద్ జిల్లా అడవుల్లో కొంత భాగం దాని పరిధిలో ఉంది. గోదావరి లోయ టేకు అడవి రిజర్వు ఫారెస్టుగా రక్షణ పొందుతోంది. జనగామ జిల్లాలో అభయారణ్యం ఒక్కటీ లేదు. అక్కడి రాతిగుట్టలు, గడ్డినేలలు రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా, బంచరాయిగా, ఖనిజశాఖ దస్తరాల్లో క్వారీ లీజులుగా ఉన్నాయి. జీవావాసంగా వాటికి ఇప్పటివరకూ ఏ రికార్డులోనూ పేరు లేదు.